'పడదు' అంటే చాలడం లేదు

హైదరాబాద్ నుంచి ఓ తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు తొమ్మిదేళ్ల బాబు, నాలుగో తరగతి. రెండున్నరేళ్ల వయసులో పల్లీ పట్టీ ముక్క కొరికిన పది నిమిషాలకే ముఖం ఉబ్బిపోయింది. పరీక్షలు చేసి పల్లీల అలర్జీ అని తేల్చారు. చలికాలంలో పిల్లికూతలు వస్తాయి, ఇన్‌హేలర్ వాడతాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లోకి పల్లీలు రాలేదు.

నాలుగు నెలల క్రితం ఓ ఆదివారం పొద్దున దగ్గర్లోని టిఫిన్ సెంటర్‌కి వెళ్లారు. "బాబుకి పల్లీ చట్నీ వద్దు, కొబ్బరి చట్నీ ఒక్కటే వేయండి" అని ఆమె చెప్పారు. వాళ్లు సరేనన్నారు. రెండో ఇడ్లీ సగంలో ఉండగా బాబు నాలుక దురదగా ఉందన్నాడు. పెదాలు వాచాయి, మెడ నిండా దద్దుర్లు, వాంతి, ఆగని దగ్గు. ఇంటికి తీసుకొచ్చి అలర్జీ సిరప్ పట్టి, తగ్గుతుందేమోనని నలభై నిమిషాలు చూశారు. తగ్గలేదు. ఆస్పత్రిలో తొడకి ఇంజెక్షన్ చేసి, రాత్రి దాకా ఉంచుకుని పంపించారు. ఇంత ఆలస్యం చేస్తారా అని డాక్టర్ కోప్పడ్డారు.

ఆ రోజు నుంచి ఆమె భర్త బయటి తిండి పూర్తిగా బంద్ చేశారు. బాబు రెండు పుట్టినరోజులకి వెళ్లలేదు. స్కూల్ పిక్నిక్‌కి పంపలేదు. "అందరూ తింటుంటే నేనొక్కడినే డబ్బా తెరవాలా" అని ఏడుస్తున్నాడు. ఆమె హోటల్లో ఏదైనా అడగబోతే "అమ్మా, నువ్వు అడక్కు, అందరూ చూస్తారు" అని చెయ్యి లాగుతాడు.

అత్తమామలది అనంతపురం దగ్గర పల్లె. పొలంలో వేరుశనగ వేసి పిల్లల్ని చదివించినవాళ్లు. అత్తగారి మాట ఇది: "శెనక్కాయలు పండించి నలుగురు బిడ్డల్ని పెద్ద చేసినాం. ఈ ఇంట్లో పుట్టిన పిల్లోడికి అదే పడదంటే ఎట్లా నమ్మేది? కొంచెం కొంచెం పెడితే అదే అలవాటవుతుంది." ఇంకో రెండు నెలల్లో మామగారి షష్టిపూర్తి. అనంతపురంలో ఓ హోటల్ హాల్లో భోజనాలు, మూడు వందల మంది. భర్త బాబుని తీసుకెళ్లొద్దు అంటున్నారు. మనవడు లేకుండా ఎట్లా అని మామగారు.

"బయట తినడం మానేయాల్సిందేనా? తినొచ్చంటే ఎలా అడగాలి? మా అత్తగారికి ఎలా చెప్పాలి?" ఇవీ ఆమె ప్రశ్నలు.

* * *

అమ్మా, మీ ఉత్తరంలో మూడు చోట్ల "తప్పు నాదే" అని రాశారు. ముందు అది తీసి పక్కన పెట్టండి. ఆ ఆదివారం మీరు అడగకుండా కూర్చోలేదు. అడిగారు. మీరు అడిగింది ఒకటి, అవతలి మనిషికి వినిపించింది ఇంకొకటి.

"పల్లీ చట్నీ వద్దు" అన్నారు. ఆ కౌంటర్ దగ్గర నిలబడ్డవాడు పొద్దుటి నుంచి "ఉల్లిపాయ వద్దు", "కారం తక్కువ", "నెయ్యి వద్దు" అని వింటూనే ఉన్నాడు. అవన్నీ ఇష్టాయిష్టాలు. మీ మాట కూడా అదే వరసలో కలిసిపోయింది. పోనీ "పల్లీలు పడవు" అని ఉంటే? మనం "పడదు" అనే మాటని ఎన్నింటికి వాడతామో చూడండి. వంకాయ తింటే దురద, పడదు. రాత్రి పెరుగు తింటే జలుబు, పడదు. శనగపిండి తింటే గ్యాస్, పడదు. ఇద్దరు తోడికోడళ్లు మాట్లాడుకోకపోయినా పడదు. ప్రాణం మీదికి వచ్చే సంగతి చెప్పడానికి ఈ మాట చాలడం లేదు. మీ అత్తగారు నమ్మలేకపోవడానికి కూడా కొంత కారణం ఇదే. ఆమెకి "పడదు" అంటే కాస్త దురద, రెండు రోజులు పథ్యం.

ఇకనుంచి ఆ మాట వదిలేయండి. జరిగేది జరిగినట్టు చెప్పండి: "మా బాబు పల్లీ తిన్నా, పల్లీ తగిలిన గరిటెతో వడ్డించింది తిన్నా ఊపిరి ఆడదు. ఒకసారి ఆస్పత్రిలో పెట్టాం." ఇది విన్నాక "ఏం కాదులే మేడం" అనే మనిషి ఉంటే, అక్కడ తినకూడదని మీకు తెలిసిపోయినట్టే.

మీ ఉత్తరం చదివాక నేను మామూలుగా వెళ్లే టిఫిన్ సెంటర్లో ఓ పావుగంట కౌంటర్ పక్కన నిలబడి చూశాను. రెండు స్టీలు గిన్నెలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లో తెల్లటి చట్నీ, ఒకదాంట్లో పల్లీ చట్నీ. దేని గరిటె దానికే ఉంది. జనం పలచగా ఉన్నంతసేపు అంతా బాగానే నడిచింది. పార్సిళ్లు మొదలయ్యాయి. కుర్రాడు ఎడం చేత్తో కవర్ పట్టుకుని, కుడి చేతిలో ఉన్న గరిటెతోనే ఇదీ అదీ పోశాడు. కాసేపటికి తెల్ల చట్నీ గిన్నె అంచున ఎర్రటి చార. దాన్ని బల్ల తుడిచే గుడ్డతోనే తుడిచేశాడు. అతను నిర్లక్ష్యంగా ఏమీ లేడు. చకచకా పని చేస్తున్నాడు, అంతే.

తర్వాత వంట మాస్టర్‌ని అడిగాను, కొబ్బరి చట్నీలో ఏమేం వేస్తారని. "కొబ్బరి ఒక్కటే అయితే నీళ్లు విడిపోద్దండీ. చిక్కదనానికి పుట్నాలు, కాసిని పల్లీలు వేస్తాం" అన్నాడు. ఏమీ దాచలేదు. పేరు కొబ్బరి చట్నీ, లోపల పల్లీ. మీ బాబుకి ఆ రోజు తగిలింది గరిటె నుంచో, చట్నీ నుంచో, రెండు చట్నీలూ రుబ్బిన ఒకే మిక్సీ జార్ నుంచో ఇప్పుడు తేల్చలేం. వాళ్లు అబద్ధం చెప్పలేదనీ, మీరు అజాగ్రత్తగా లేరనీ మాత్రం నాకు అనిపిస్తోంది.

ఇప్పుడు ఆ నలభై నిమిషాల సంగతి. ఇది మెత్తగా చెప్పే విషయం కాదు. అలర్జీ సిరప్ దురదని, దద్దుర్లని తగ్గిస్తుంది. గొంతు వాపుని, ఊపిరి అందకపోవడాన్ని, బీపీ పడిపోవడాన్ని అది ఆపలేదు. వాటికి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఒక్కటే, తొడ బయటివైపు కండలోకి. చర్మం మీద దద్దుర్లతో పాటు వాంతులో, దగ్గో, పిల్లికూతలో, గొంతు మారడమో కలిస్తే ఇక చూద్దాం అనే మాట ఉండకూడదు. పైగా మీ బాబుకి ఆస్తమా లక్షణాలున్నాయి. అలాంటి పిల్లల్లో ఇది తొందరగా ముదరగలదు. ఇన్‌హేలర్ సరిగ్గా వాడించి ఆస్తమాని అదుపులో ఉంచడం కూడా ఈ జాగ్రత్తలో భాగమే.

మీ ఇంట్లో ఆ ఇంజెక్షన్ ఉందో లేదో మీరు రాయలేదు. లేదనే అనుకుంటున్నాను. పెన్నులా నొక్కితే దిగే ఆటో ఇంజెక్టర్లు మన దగ్గర ప్రతి మందుల షాపులోనూ దొరకవు, ఖరీదు కూడా ఎక్కువే. అందుకే కొందరు డాక్టర్లు ఆంప్యూల్ (మందున్న చిన్న గాజు సీసా), సిరంజీ ఇచ్చి, బరువుని బట్టి మోతాదు రాసి, తల్లిదండ్రుల చేత చేయించి నేర్పిస్తారు. మీ అలర్జీ డాక్టర్ని అడిగి ఏదో ఒకటి ఏర్పాటు చేసుకోండి. ఏ లక్షణానికి ఏం చేయాలో ఒక కాగితం మీద రాయించుకోండి. ఒక డోసుతో ఆగకపోవచ్చు కాబట్టి రెండు డోసులు దగ్గరుండాలి. హైదరాబాద్ ఎండలో కారు డాష్‌బోర్డులో పెట్టొద్దు. ఎక్స్‌పైరీ తేదీ ఫోన్లో గుర్తు పెట్టుకోండి. ఇంజెక్షన్ చేశాక బాబుని పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచండి. ఊపిరి ఆడట్లేదంటే కూర్చోనివ్వండి. నడిపించకండి. 108కి ఫోన్ చేయండి. తగ్గిపోయిందనిపించినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టే అవకాశం ఉంది. ఆ రోజు మిమ్మల్ని రాత్రి దాకా ఉంచింది అందుకే.

ఈ ఏర్పాటు అయ్యేదాకా మీ ఆయన పెట్టిన నిషేధం సరైనదే. ఈ విషయంలో నేను ఆయన పక్షం. అయిన తర్వాత కూడా అదే నిషేధం కొనసాగిస్తే ఏమవుతుందో ఆలోచించండి. మీ బాబుకి ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఇంకో ఐదారేళ్లలో ట్యూషన్ నుంచి వస్తూ స్నేహితులతో పునుగుల బండి దగ్గర ఆగుతాడు. ఎలా అడగాలో, ఎప్పుడు లేచి వచ్చేయాలో ఒక్కసారి కూడా చూడని పిల్లాడు ఆ రోజు ఏం చేస్తాడు? సిగ్గుపడి తినేస్తాడు. అలాగని మీ ఆయన భయాన్ని పిచ్చి భయం అనలేను. బిడ్డ ఊపిరి కోసం కొట్టుకోవడం కళ్లారా చూసిన మనిషి ఆయన. "మొత్తం మానేద్దాం" అనడం మీ ఇద్దరికీ తేలికైన దారి. బాబుకి మాత్రం అది తర్వాత బరువయ్యే దారి.

రెండో దారి, వెళ్లడం, తనకి మాత్రం ఇంటి డబ్బా. ప్రమాదం దాదాపు ఉండదు. బాబుకి చిన్నతనంగా ఉంటుంది. కొన్ని హోటళ్లు బయటి తిండి ఒప్పుకోవు కూడా. ముందే మేనేజర్‌కి కారణం చెబితే పిల్లల విషయంలో చాలామంది కాదనరు. మూడో దారి, రెండు మూడు హోటళ్లు ఎంచుకుని, ఒక్కోచోట రెండే వంటకాలు ఖాయం చేసుకుని, అవే తినడం. ఇందులో ప్రమాదం పూర్తిగా పోదు, తగ్గుతుంది. బదులుగా బాబు అందరితో కలిసి కూర్చుంటాడు, అడగడం నేర్చుకుంటాడు. నేనైతే రెండోదీ మూడోదీ కలుపుతాను. ఇడ్లీ హోటల్‌ది, చట్నీ ఇంటిది. చిన్న స్టీలు డబ్బాలో కొబ్బరి చట్నీ పట్టుకెళ్లండి. దాన్ని ఎవరూ వింతగా చూడరు. ఇడ్లీలు మాత్రం గరిటె తగలని ప్లేటులో, ఆవిరి పాత్ర నుంచి నేరుగా పెట్టించుకోవాలి.

మూడో దారి ఎంచుకుంటే అడిగే పద్ధతి మారాలి. మన నోట్లో ఒక అలవాటు ఉంది, "ఇందులో పల్లీలు లేవు కదా?" అంటాం. ఆ "కదా"లోనే జవాబు ఉంది. అవతలివాడు కూడా మర్యాద కోసం "లేవమ్మా" అంటాడు. "ఇందులో ఏమేం వేస్తారు?" అని అడిగి చూడండి. అప్పుడు వాడు ఆలోచించాలి, తెలియకపోతే లోపలికి వెళ్లి అడగాలి. వడ్డించేవాడికి వంటలో ఏం పడుతుందో తెలియాలని లేదు. మేనేజర్‌తోనో, వంట మాస్టర్‌తోనో మాట్లాడాలి.

మాటల దగ్గర ఇంకో చిక్కుంది. హైదరాబాద్ హోటళ్ల వంటింట్లో ఒడిశా, బెంగాల్, బిహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు ఎంతోమంది. వాళ్లకి పల్లీ అంటే తెలియకపోవచ్చు. హిందీలో మూంగ్‌ఫలీ. ఒడియాలో, బెంగాలీలో చీనాబాదాం, వాడుకలో ఉత్త బాదాం అని కూడా అనేస్తారు. మనం బాదం అనేది వేరే గింజని. మన భాషలోనే చూడండి, హడావిడిలో "వేరుశనగ ఉందా" అంటే "శనగ" దగ్గరే ఆగిపోయి "శనగపిండి వేయమండీ" అంటారు. మీ అత్తగారి వైపు వెళితే శెనక్కాయలు, బుడ్డలు. అందుకే ఒక కార్డు చేయించండి. ఒకవైపు తెలుగు, ఒకవైపు హిందీ. మధ్యలో పల్లీల బొమ్మ, కాయా గింజా రెండూ కనిపించేలా. "ఈ గింజ, దీని పొడి, దీని చట్నీ, ఇవి తగిలిన గరిటె, పెనం, నూనె ఏవి తగిలినా ఈ పిల్లాడికి ఊపిరి ఆడదు. దయచేసి వంట చేసేవారికి చూపించండి." ఇంతే చాలు. బొమ్మకి ఏ భాషా అక్కర్లేదు.

వేళ కూడా ముఖ్యమే. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి టిఫిన్ సెంటర్లో మీ మాట వినే తీరిక ఎవరికీ ఉండదు. ఏ హోటల్‌కి వెళ్లాలనుకుంటున్నారో దానికి ముందు రోజు మధ్యాహ్నం నాలుగింటికి ఫోన్ చేయండి, లేదా మీరొక్కరే వెళ్లి మాట్లాడి రండి. భోజనాల రద్దీ అయిపోయి, రాత్రి వంట మొదలవని సమయం అది. మరుసటి రోజు ఆరున్నరకల్లా, జనం రాకముందే వెళ్లండి. ఇందులో ఇంకో లాభం ఉంది. మాట్లాడాల్సింది ముందే మాట్లాడేస్తే టేబుల్ దగ్గర మీరు గొంతు పెంచి అడగనక్కర్లేదు. బాబు సిగ్గుపడేది ఆ కాసేపటికే కదా.

మన హోటళ్లలో పల్లీ ఎక్కడెక్కడ దాక్కుంటుందో మీకు చాలావరకు తెలుసు. తెలిసినవే అయినా కొన్ని గుర్తు చేస్తాను. పులిహోర, ఉప్మాల్లో కంటికి కనిపిస్తుంది కాబట్టి వాటితో అంత భయం లేదు. కనిపించని చోట్లే చూసుకోవాలి. కారం దోశ మీద చల్లే పొడిలో ఉండొచ్చు, ఆ తర్వాత అదే పెనం మీద సాదా దోశ పోస్తారు. గుత్తి వంకాయ, బగారా బైంగన్ గ్రేవీలు పల్లీ, నువ్వుల ముద్దతోనే చిక్కబడతాయి. బిర్యానీలో సాధారణంగా పల్లీ ఉండదు, పక్కన వచ్చే మిర్చీ కా సాలన్‌లో ఉంటుంది. సాలన్, రైతా ఒకే ట్రేలో వస్తాయి, చెంచాలు అటూ ఇటూ మారతాయి. సాలన్‌ని అసలు టేబుల్ మీదికే తేవొద్దని చెప్పండి. పనీర్ కూరలు, కుర్మాలకి జీడిపప్పు ముద్ద వాడతారు, ఖర్చు తగ్గించుకోవడానికి అందులో పల్లీలు కలిపే చోట్లు కూడా ఉన్నాయి. మిర్చి బజ్జీని చీల్చి ఉల్లిపాయ, పల్లీలు కూరతారు. పల్లీ పకోడీ వేగిన బాండీలోనే మిగతావన్నీ వేగుతాయి. కాబట్టి బయట నూనెలో వేయించినవి ఏవీ వద్దు. ఐస్‌క్రీమ్ పార్లర్లో ఒకే స్కూప్ అన్ని డబ్బాల్లోకీ వెళ్తుంది. సీల్ ఉన్న కప్పు కొని లేబుల్ చదవడం మేలు. రుబ్బినవీ, చిక్కటి గ్రేవీలూ, పొడులూ, తీపి పదార్థాలూ వదిలేస్తే మిగిలేది చిన్న జాబితానే: ఇడ్లీ, అన్నం, పెరుగన్నం, పుల్కా, పప్పు. వాటి తాలింపు కూడా అడిగే తినాలి.

నూనె గురించి ఒక మాట. రిఫైన్డ్ పల్లీ నూనెలో అలర్జీ తెచ్చే ప్రోటీన్ దాదాపు మిగలదు. గానుగ నూనెలో మిగులుతుంది. ఈ మధ్య ఆరోగ్యానికి మంచిదని గానుగ పల్లీ నూనెతో వండుతున్నామని బోర్డు పెట్టే హోటళ్లు కనిపిస్తున్నాయి. వేరేవాళ్లకి అది మంచి హోటలే, మీకు కాదు.

పెద్ద చెయిన్ హోటళ్లలో ఒక సౌకర్యం ఉంది. దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం సెంట్రల్ లైసెన్స్ ఉన్నవీ, పది లేదా అంతకంటే ఎక్కువ శాఖలున్నవీ తమ వంటకాల్లో అలర్జీ తెచ్చే పదార్థాల సమాచారం ఇవ్వాలి. పల్లీలు ఆ జాబితాలో ఉన్నాయి. మెనూలో కనిపించకపోతే "అలర్జెన్ చార్ట్ చూపించండి" అని అడగొచ్చు. అది మీ హక్కు. వీధి చివర టిఫిన్ సెంటర్‌కి ఈ నిబంధన లేదు, అక్కడ మాస్టర్ మాటే చార్టు. నువ్వుల అలర్జీ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే గమనించండి, ఆ జాబితాలో నువ్వులు లేవు. చార్టులో కనిపించలేదంటే వంటలో లేవని కాదు. ఫోన్ యాప్‌లో ఆర్డర్ పెట్టి "పల్లీలు వద్దు" అని రాసి వదిలేయడం కూడా సరిపోదు. దాన్ని వంటింట్లో ఎవరైనా చదివారో లేదో మీకు తెలిసే దారి లేదు.

ఇంత జాగ్రత్త చెప్పాను కాబట్టి, అక్కర్లేని భయం ఒకటి తీసేస్తాను. పక్క టేబుల్‌లో ఎవరో పల్లీలు తింటున్నారని, వాసన వస్తోందని మామూలుగా ప్రమాదం జరగదు. నోట్లోకి వెళ్తేనే అసలు ప్రమాదం. అందుకని కూర్చునే ముందు బల్ల తుడిపించి, బాబు చేతులు సబ్బుతో కడిగించండి. శానిటైజర్‌తో పల్లీ జాడ పోదు, సబ్బూ నీళ్లే కావాలి.

బాబు సిగ్గు గురించి చాలా బాధపడుతూ రాశారు. "అమ్మా, నువ్వు అడక్కు" అన్నాడు కదా, సరే, వాడినే అడగనివ్వండి. ఇంట్లో ఆడుకోండి. నాన్న సర్వర్, బాబు కస్టమర్. సర్వర్ గా ఉన్న నాన్న "ఏం కాదు బాబూ, కొంచెమే ఉంటుంది" అనాలి, బాబు "అయితే వద్దండీ" అని లేవాలి. పది సార్లు ఆడితే ఆ మాట నోటికి వచ్చేస్తుంది. మీ ఆయనకి కూడా ఇది మంచిదే, ఆయన భయం కాస్త పనిలో పడుతుంది. హోటల్లో కార్డు వాడి చేతికివ్వండి. అడగాల్సినవి మీరు ముందు రోజే అడిగేసి ఉంటారు, కాబట్టి వాడు తడబడినా నష్టం లేదు. స్కూల్లో క్లాస్ టీచర్‌తో పాటు ఒక్క స్నేహితుడికైనా ఈ సంగతి తెలిసి ఉండాలి. పుట్టినరోజు పిలుపు వస్తే ఆ పిల్లల అమ్మకి ఫోన్ చేసి మెనూ కనుక్కుని, అలాంటి వంటకమే ఇంట్లో చేసి పంపండి. అక్కడ పిజ్జా అయితే ఇక్కడా పిజ్జా. డబ్బా తెరవడంలో బాధ లేదు, అందులో పెరుగన్నం ఉండటంలోనే ఉంది.

ఇక మీ అత్తగారు. ఆమె మాట మూర్ఖపు మాట అని నేను అనను. కొంచెం కొంచెం పెట్టి అలవాటు చేసే వైద్యం నిజంగానే ఉంది. అది డాక్టర్ల ఎదుట, మిల్లీగ్రాముల లెక్కన, మందులు చేతిలో పెట్టుకుని నెలల తరబడి చేసేది. ఇంట్లో పల్లీ పట్టీ తుంచి పెట్టి చేసేది కాదు. ఆమెకి తెలియంది ఆ తేడా ఒక్కటే. దాని వెనక ఇంకో బాధ కూడా ఉంది. తమ కుటుంబాన్ని నిలబెట్టిన పంట మనవడికి విషమైందంటే ఏ రైతు తల్లికి మింగుడు పడుతుంది? ముందు ఆ బాధని ఒప్పుకోండి.

చెప్పే మనిషి ఎవరన్నది కూడా చూడాలి. మీరు చెబితే అది కోడలి చాదస్తం అవుతుంది, మాటా మాటా పెరుగుతుంది. మీ ఆయన చెబితే కొడుకు మాట. ఆ రోజు ఆస్పత్రిలో తను చూసింది చూసినట్టు, తన నోటితో తల్లికి చెప్పాలి. ఆయన ఇప్పటిదాకా చెప్పలేదని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. అది ఆయన తప్పించుకోకూడని పని. దానికీ ఆమె కదలకపోతే తర్వాతి సారి డాక్టర్ దగ్గరికి ఆమెని కూడా తీసుకెళ్లండి, రాలేకపోతే ఫోన్ స్పీకర్‌లో పెట్టించండి. అప్పటికీ మారకపోతే ఒక కటువైన నిర్ణయం తప్పదు. బాబు ఆమె దగ్గర ఒంటరిగా భోజనం చేయడు. బంధం కాస్త దెబ్బ తింటుంది, తెలుసు. బాబు ఊపిరి మీద మాత్రం రాజీ లేదు.

అక్కడిదాకా రాదని నా ఆశ. ఎందుకంటే ఏ వంటలో శెనక్కాయ పడుతుందో ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు మీ ఇంట్లో లేరు. ఉగ్గాని మీద చల్లే పొడిలో ఏముందో, ఏ ఊరిబిండి పచ్చడిలో ఎంత పడుతుందో వాసన చూసి చెప్పగలదు. షష్టిపూర్తి రోజు హోటల్ వంట మాస్టర్ దగ్గర నిలబడే పని ఆమెకే అప్పగించండి. "అత్తయ్యా, నాకు అక్కడి వంటలు తెలియవు, మీరు చూస్తేనే నాకు ధైర్యం" అనండి. నిజం కూడా అదే కదా.

ఆ భోజనానికి మీ ముందున్నవి మూడు. మెనూలో పల్లీ అసలు లేకుండా చేయించడం మొదటిది. మామగారే గట్టిగా చెబితే అవుతుంది. మూడు వందల మందికి వండే వంటింట్లో పాత్రల దగ్గర పొరపాటు జరగదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. రెండోది, బఫే తెరవకముందే కడిగిన పాత్రల్లోంచి బాబు ప్లేటు విడిగా తీయించడం. బఫే మొదలయ్యాక గరిటెలన్నీ కలిసిపోతాయి, అప్పుడిక అక్కడి నుంచి ఏదీ పెట్టకూడదు. మూడోది, ఇంట్లో వండి తీసుకెళ్లి, మంచి ప్లేటులో పెట్టి తాత పక్కన కూర్చోబెట్టడం. ఇంకా రెండు నెలలే ఉంది, మీ ఆయన భయమూ పోలేదు కాబట్టి ఈసారికి నేను మూడోదే సూచిస్తాను. బాబు వెళ్తాడు, తాతకి లోటుండదు. అలాంటి చోట హోటల్ కంటే చుట్టాల ప్రేమే ఎక్కువ ప్రమాదం. "ఒక్క ముక్క తిను నాన్నా" అంటూ నోట్లో పెట్టేసే అత్తలు, పెద్దమ్మలు ఉంటారు. ముందు రోజే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మామగారి పేరుతో ఒక మాట పెట్టించండి: నా మనవడికి నేను తప్ప ఎవరూ ఏమీ తినిపించొద్దని. పెద్దాయన మాట ఎవరూ దాటరు. ఇంజెక్షన్ మీ భుజాన ఉన్న సంచిలోనే ఉండాలి, కారులో కాదు. హాల్‌కి దగ్గర్లో పెద్ద ఆస్పత్రి ఏదో ముందే చూసుకోండి.

ఒకటి మర్చిపోయాను. పరీక్షలు రెండున్నరేళ్ల వయసులో చేయించారు, ఆ తర్వాత మళ్లీ చేయించినట్టు రాయలేదు. పల్లీల అలర్జీ ఉన్న పిల్లల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి పెద్దయ్యేకొద్దీ అది పోతుంది. నాలుగు నెలల క్రితమే ఇంత జరిగింది కాబట్టి మీ బాబుకి ఇప్పటికి పోలేదు. అయినా అలర్జీ నిపుణుల దగ్గర ఎప్పుడెప్పుడు చూపించుకోవాలో అడిగి పెట్టుకోండి. పోయిందా లేదా అని ఇంట్లో పెట్టి చూడటం మాత్రం ఎప్పటికీ వద్దు. రెండు వందల ఆహారాలకి ఒకే రక్తపరీక్ష అని అమ్మే ఐజీజీ ప్యాకేజీల జోలికీ వెళ్లొద్దు. వాటితో అలర్జీ తేలదు, ఉన్న నాలుగు ఆహారాలు కూడా మాన్పించేస్తారు.

ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లి ఇంజెక్షన్ తెచ్చుకోండి. మీరిద్దరూ చేయడం నేర్చుకోండి. తర్వాత ఏదో ఒక మంగళవారమో బుధవారమో సాయంత్రం ఆరున్నరకి, ముందే మాట్లాడిన ఒక్క హోటల్‌కి, ఇంటి చట్నీ డబ్బాతో ముగ్గురూ వెళ్లండి. రెండు ఇడ్లీలు తిని వచ్చేయండి. అక్కడి సమాధానాలు మీకు నచ్చకపోతే కూర్చున్నాక అయినా సరే, మంచినీళ్ల బాటిల్‌కి డబ్బులిచ్చి లేచి వచ్చేయండి. అలా లేవడం కూడా బాబు చూడాలి. షష్టిపూర్తి అయ్యాక ఇంకో ఉత్తరం రాయండి. తాత పక్కన కూర్చుని మీ బాబు ఏం తిన్నాడో తెలుసుకోవాలని ఉంది.